కదలకుండా నూరు సెకన్లు

"నీడను చూసి మనిషి బరువు చెప్తావా అబ్బా?"

కర్నూలు ఆసుపత్రిలో గుండె నాళాలు పరీక్షించే క్యాథ్ ల్యాబ్‌లో అడుగుపెట్టిన మొదటి రోజే శివలీల నాగార్జునను అడిగిన మాట అది. యాంజియోగ్రామ్‌లో కనిపించేది రక్తనాళం నీడేనని, గోడలో ఎంత కొవ్వు పేరుకుందో తెలియాలంటే సన్నటి అల్ట్రాసౌండ్ గొట్టాన్ని నాళం లోపలికే పంపాలని ఆమె వాదన. ఆ మెషిన్ నడపడానికే బుధవారం, శనివారం కడప నుంచి బస్సెక్కి వచ్చేది. ఆరేళ్లుగా అక్కడ టెక్నీషియన్‌గా ఉన్న నాగార్జునకు ఒళ్లు మండింది. మూడు నెలల్లో ఆ మంట ఎప్పుడు చల్లారిందో, బుధవారం ఎప్పుడొస్తుందా అని ఎందుకు ఎదురుచూస్తున్నాడో అతనికే తెలియదు. ఎదురుపడితే మాత్రం పోట్లాటే.

"ఊరికే కాలు ఊపుతాంటావేం? చూస్తాంటే నాకు తల తిరుగుతాంది."

"నీ మెషిన్ నత్త మాదిరి పోతాంటే కాలన్నా ఆడించుకోనీ."

ఈ శనివారం మాత్రం పోట్లాట లేదు. టేబుల్ మీద పడుకున్నది అతని తల్లి తిమ్మమ్మ. ఎమ్మిగనూరులో ముప్పై ఏళ్లు మగ్గం మీద చీరలు నేసి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటోంది. గుండెకు పోయే పెద్ద నాళం మొదట్లోనే ఇరుకు ఉన్నట్టు యాంజియోగ్రామ్‌లో కనిపించింది. ఎంత ఇరుకో తేలలేదు.

"లోపల కొలుద్దాం. నాళం లోపలి ఖాళీ ఆరు చదరపు మిల్లీమీటర్లు దాటితే మాత్రలు. తగ్గితే బైపాస్ గురించి మాట్లాడదాం," అన్నారు గాబ్రియేలు డాక్టరు.

సొంత తల్లి కాబట్టి నాగార్జునను అద్దం వెనక గదిలోనే ఉండమన్నారు. అక్కడ లోపలి మాటలు వినిపించే స్పీకరు ఉంది, మైకు ఉంది, కుర్చీ ఉంది. కుర్చీలో కూర్చోలేకపోయాడు.

డాక్టరు మణికట్టు దగ్గర నుంచి గొట్టాన్ని గుండె దాకా పంపారు. ఇక దాన్ని మోటారు సెకనుకు అర మిల్లీమీటరు చొప్పున వెనక్కి లాగుతుంది.

"నూరు సెకన్లు కదలగాకు పెద్దమ్మా," అంది శివలీల.

స్క్రీన్ మీద నాళం గుండ్రంగా, బూడిద రంగులో మెదులుతోంది. అరవయ్యో సెకనులో తిమ్మమ్మ ఉన్నట్టుండి తల పైకెత్తింది. బొమ్మ చెదిరిపోయింది.

"ఏమైంది పెద్దమ్మా? నొప్పా?"

"నొప్పి లేదు పాపా. కడప పిల్ల అంటే నువ్వేనా అని చూస్తాండా. మావోడు అన్నం ముందర కూచుంటే నిన్ను తిట్టేదే పని."

డాక్టరు మాస్కులో నవ్వు దాచుకున్నారు. అద్దం వెనక నాగార్జునకు చెమట పట్టింది.

"తిట్టేదేనా పెద్దమ్మా?"

"తిట్టేవోడు బుధవారం, శనివారం మాత్రం ఇస్త్రీ చొక్కా ఎందుకు తొడుక్కుంటాడో నాకు తెలీదు."

శివలీల ఒక్కసారి అద్దం వైపు చూసి, మళ్లీ మోటారు నడిపింది. ఈసారి తిమ్మమ్మ బుద్ధిగా పడుకుంది. నూరు సెకన్లూ అయ్యాయి. కొలవడానికి శివలీల స్క్రీన్ మీద నాళం అంచు గీసింది, చెరిపింది, మళ్లీ గీసింది. మంచి మాటైతే ఈపాటికి చెప్పేది కదా. నాగార్జున ఇక తాళలేక మైకు నొక్కాడు.

"శివలీలా, ఎంతైనా సరే చెప్పు. నువ్వు చెప్తే తట్టుకుంటా."

"నీ కోసమే రెండు సార్లు గీస్తాండా. తప్పు పోకూడదు," అంది ఆమె. తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "ఏడు పాయింట్ ఎనిమిది సార్."

"మాత్రలు చాలు," అన్నారు డాక్టరు.

నాగార్జున అప్పుడు కూర్చున్నాడు, కుర్చీలో కాదు, నేల మీద. కళ్లు తుడుచుకుని బయటికి వచ్చేసరికి తల్లిని వార్డుకు తీసుకుపోవడానికి ట్రాలీ ఎక్కించారు. పక్కన శివలీల ఉంది.

"కడపలో మీ ఇంటికి ఎప్పుడు రమ్మంటావు?" అని అడిగేశాడు.

"పెద్దమ్మకు బాగయినాక. పెళ్లిచూపులకు ఆమె లేకుండా ఎట్ల?"

"ఇంకేం చూపులు పాపా," అంది తిమ్మమ్మ. "నా గుండె లోపలంతా రెండు తూర్లు చూసేస్తివి. అత్త గుండె చూసుకుని ఒప్పుకున్న కోడలు యాడన్నా ఉండాదా?"

శివలీల తల వంచుకుని నవ్వింది. నాగార్జున కాలు మళ్లీ ఊగుతోంది. ఈసారి ఆమె ఆపమనలేదు.