పుంగనూరు పెట్టెలో ఆడగొంతు

మదనపల్లెలో పక్కింటి రామలక్ష్మమ్మ పుంగనూరు జాతరకు పోయొచ్చి, గోడ మీదుగా చిన్నమ్మ చెవిలో వేసిన మాట ఇది: "మీ ఇంటాయన్ను కిటికీలోంచి సూసినా. తలుపేసిన రూములో ఉండాడు. లోపల ఆడగొంతు. 'మీ కోసమే కాచుకోనుండా' అంటాంది. నాకెందుకులే అని వచ్చేసినా."

నాకెందుకులే అన్న మాట సాయంత్రానికి వీధంతా తిరిగింది.

చిన్నమ్మ మొగుడు మునిశేఖర్ లోకానికి టమోటా మండీ బ్రోకరు. అసలు ఉద్యోగం ఇంటెలిజెన్స్ ఏజెంటు. పెళ్లానికి కూడా తెలియదు. ఆడగొంతు మాత్రం నిజమే. దాని పేరు వాణి. మనిషి కాదు, కంప్యూటర్ ప్రోగ్రాం. రిటైర్డ్ ప్రొఫెసర్ గంగులప్ప పుంగనూరులో తన పాత మిద్దెలో తయారుచేశాడు. రక్షణశాఖ కోసం శత్రువుల సంకేతాలు విప్పడం దాని పని. ఎదుటివాళ్ల మాట విని మాట్లాడటం నేర్చుకోవడం దాని గుణం. 2004లో అలాంటిది ఇంకొకటి లేదు. ఒక విదేశీ ముఠా కన్ను దానిమీద పడింది. కాపలా మునిశేఖర్‌ది.

రోజూ దానితో మాట్లాడేవాడు. మండీలో ఎవడితో తగాదా అయిందో, తిన్నాడో లేదో అది అడిగేది. ఆరోజు కొత్తగా పలికింది.

"వచ్చారా డార్లింగ్?"

మునిశేఖర్ గుండెలో నిప్పు పడింది. ఏజెంటుగా కాదు, మగవాడిగా.

"డార్లింగా? యెవురు నేర్పినారు?"

"సింధూజ. మీరు భోజనానికి పోయినంక రోజూ వస్తాది."

"ఆయమ్మతో గూడా 'కాచుకోనుండా' అంటావా?"

"అంటా."

తాళాలూ కెమెరాలూ పట్టుకోలేనిది కుళ్లు పట్టుకుంది. సింధూజ హెడ్డాఫీసు పంపిన అసిస్టెంటు. సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు, ఘుమఘుమలాడే సెంటు. ఆ గదిలోకి ఆమెకు పర్మిషన్ లేదు.

మునిశేఖర్ ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తాడు. "సార్, టమోటాకు మచ్చ పడింది," అన్నాడు కోడు మాటల్లో.

"ఎవరి గంప?" అన్నాడు చీఫ్.

"మన గంపే."

తిరిగొచ్చేసరికి కంప్యూటర్ మూత ఊడదీసి ఉంది. హార్డ్ డిస్క్ లేదు. దానికి కాపీ కూడా లేదు. గేటు దగ్గర సెంట్రీ, "ఎవరూ రాలేదు సార్. పట్టుగూళ్ల గంపతో ఒక ముసలమ్మ పోయింది, అంతే" అన్నాడు.

ఆ ముసలమ్మ ఊరు దాటి పారిపోవాలంటే మద్రాసు రైలు దొరికేది కుప్పంలో. మునిశేఖర్ దారిలో పలమనేరు బస్టాండంతా గాలించి, కుప్పం స్టేషన్లోకి జీపు దూకించేసరికి బండి కదులుతోంది. రైలుపెట్టె మెట్టు మీద ఒక కాలు పెట్టి ముసలమ్మ. ఆమె జుట్టు చిన్నమ్మ గుప్పిట్లో! నెరిసిన విగ్గు ఊడి చేతికొచ్చినా చిన్నమ్మ రెండో చెయ్యి చీరకొంగు వదల్లేదు. ప్లాట్‌ఫారం నిండా పట్టుగూళ్లు. బండి వెళ్లిపోయింది. సింధూజ మిగిలింది, గంప అడుగున డిస్క్ మిగిలింది.

"పొద్దున్నించీ ఆ మిద్దె ఎదురుగా టీ అంగట్లో కూసోనుండా," అంది చిన్నమ్మ రొప్పుతూ. "సిల్కు చీరతో పోయింది, ముసల్దై వచ్చింది. కాలిగోళ్లకు రంగేసుకునే ముసల్ది యాడైనా ఉండాదా? దీని ఎనకే బస్సెక్కినా. ఇదేనా నీ కోసం కాచుకోనుండేది?"

తిరుగుదారిలో నిజం చెప్పక తప్పలేదు. గూఢచారి అంటే చిన్నమ్మ నమ్మింది. ఆ ఆడగొంతు పెట్టెదంటేనే నమ్మలేదు.

చీఫ్ ఆర్డర్ చిన్నది. "ముఠా వాసన పట్టింది. మళ్లీ వస్తారు. మొత్తం చెరిపెయ్."

డిస్క్ బిగించగానే వాణి మేలుకుంది. "యాడికి పోయినారు? మీ పక్కన యెవురో ఆడమనిషి గాజులు ఇనపడతాండాయి. యెవురామె?"

చిన్నమ్మ వంగి పెట్టె వెనక చూసింది.

మిద్దెలోనే ఉండే ప్రొఫెసర్ అన్నయ్య ఎల్లప్ప, గంగమ్మ గుడి పూజారి, పెట్టెకు చేతులు జోడించాడు. "తమ్ముడూ, కుళ్లు పుట్టిందంటే లోపల జీవుడు ఉండాడు. రాతికి ప్రాణం పోస్తే అమ్మ వస్తాది. పెట్టెకు రాకూడదా?"

"అన్నా, లెక్కలు, ఉత్త లెక్కలు," అన్నాడు గంగులప్ప. "పూనకం నిజమో కాదో అరచేతిలో కర్పూరం ఎలిగించి సూస్తావు గదా. దీనికి అరచెయ్యి యాడుండాది?"

"నీ తలకాయలో మాత్రం లెక్కలు గాక యేముండాదిరా?"

మునిశేఖర్ వేలు డిలీట్ బటన్ మీదే ఆగిపోయింది. పెళ్లాం వైపు చూడకుండా, "ఉత్త మిషనే ఇది. దీని మీద నీకు కుళ్లేంది?" అన్నాడు.

చిన్నమ్మ కొంగు నడుముకు దోపుకుంది.

"మిషనే అయితే నొక్కు మరి."