భూస్థాపన ఫైలు

నందికొట్కూరు దాటి తొమ్మిది కిలోమీటర్లు పోతే మా అమ్మ పుట్టిన ఊరు. అక్కడి చర్చికి ఆనుకుని ఒక చిన్న ఆఫీసు గది, దాని వెనక సమాధుల తోట. నాకు ఇరవై రెండేళ్లప్పుడు, కర్నూలులో కంప్యూటర్ కోర్సు ముగించిన కొత్తలో, ఆ ఆఫీసుకు, అప్పట్లో లెక్కల ఫైళ్లకు వాడే ఫాక్స్‌ప్రోలో, ఒక ప్రోగ్రాం రాసిచ్చాను. సంఘంలో ఎవరెవరున్నారో ఒక ఫైలు, పోయినవాళ్లను ఎక్కడ పాతిపెట్టారో భూస్థాపన ఫైలు, అంతే. తర్వాత కల్లూరులో ఇల్లు కట్టుకుని ఆ సంగతే మరిచిపోయాను. అది ఇంకా నడుస్తోందని మొన్న మే నెలలో రత్నమణి అక్క ఫోన్ చేసేదాకా నాకు తెలియదు.

నాకు వరసకు అక్కయ్యే రత్నమణి అక్కడ రిజిస్టర్లు చూస్తుంది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఏసుకుమారూ, నీ ప్రోగ్రాం బతికుండేవాళ్లను భూస్థాపన ఫైల్లోకి రాస్తాండాది. రేపు రావల్లప్పా."

"ఆదివారం వస్తాలే అక్కా, మా చిన్నపాపను కూడా తీసుకొని."

"రేపే రావల్ల."

మర్నాడు నేను చేరేసరికి పన్నెండు దాటింది. ఎండకు కిటికీ రెక్కలు మూసేసి ఉన్నాయి. లోపల మసక చీకటి. పాత కాగితాల వాసన, దాని కింద ఇప్పుడే తవ్విన మట్టి వాసన. బయట చుక్క వాన లేదు.

తప్పు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. నాదే తప్పు. పేరు ఇస్తే సమాధి నంబరు చెప్పే ఫంక్షన్ ఒకటి సొంతంగా రాసుకున్నాను. అది భూస్థాపన ఫైలు తెరిచి పేరు వెతుకుతుంది. దొరికితే ఆ ఫైలు మూసి, మళ్లీ సభ్యుల ఫైలుకు వస్తుంది. దొరక్కపోతే మాత్రం మూయకుండానే బయటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత సభ్యుల గురించి ఏం టైపు చేసినా, తెరిచి ఉన్న ఆ ఫైల్లోనే పడుతుంది. ఇంటి ప్రార్థనకు పాస్టరు వెళ్లాల్సిన తేదీ, మరణించిన తేదీ గడిలో కూర్చుంటుంది. ఒకే పేరు ఇద్దరికి ఉండి, పోయింది ఎవరో అనుమానం వస్తేనే అక్క ఆ వెతుకులాట నడుపుతుంది. ఈ ఏడాది ఐదుసార్లు నడిపింది.

"ఐదు పేర్లే కదా అక్కా. తీసేస్తే సరి."

"నలుగురు పోయినారప్పా," అంది అక్క. "ఆ గడిలో ఏ తేదీ ఉండాదో ఆ తేదీకే. ప్రార్థనకని పాస్టరయ్య పోతే, ఇంటి ముందర జనం."

ఐదో పేరు చూశాను. ఓబన్న. అక్క భర్త. తేదీ ఆ రోజుదే.

"బావ యాడుండాడు?"

"ఇంట్లోనే. చేనికి పోనీలేదు. కోడలిని పక్కన కూచోబెట్టినా. నువ్వు ముందు ఆ పేరు తీసెయ్."

తీసేయమని మీట నొక్కాను. ఫైలును మరొకరు వాడుతున్నారని తెర మీద వచ్చింది.

ఆ కంప్యూటర్‌కు ఇంకో కంప్యూటర్‌తో తీగ లేదు. నెట్ లేదు. గదిలో ఉన్నది అదొక్కటే.

నా ఫంక్షనే ఎక్కడో తెరిచి వదిలేసి ఉంటుందని దాన్ని సరిచేశాను. పేరు దొరికినా దొరక్కపోయినా ఫైలు మూసి రావాలి, ఎక్కడినుంచి పోయిందో అక్కడికే రావాలి. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. ఏ ఫైలూ తెరిచి లేదు.

మీట నొక్కాను.

మరొకరు వాడుతున్నారు...

అప్పుడు చూశాను. ఓబన్న పేరు పక్కన సమాధి నంబరు గడి ఇందాక ఖాళీగా ఉంది. ఇప్పుడందులో ఒక అంకె ఉంది. చూస్తుండగానే రెండోది పడింది. నా చేతులు ఒళ్లో ఉన్నాయి.

"రాసేదెవరప్పా..." అక్క గుసగుసగా అడిగింది.

ఆమె ఫోన్ మోగింది. కోడలు. మామకు ఒళ్లంతా చెమటలు పడుతున్నాయట, మాట తడబడుతోందట. ఆటో తెప్పించమని చెప్పి అక్క నా వైపు చూసింది. చూపు తిప్పలేదు.

ఫైలు రాయనివ్వడం లేదు గానీ చదవనిస్తోంది. కొత్త ఫైలు చేసి, ఓబన్న తప్ప మిగతా పేర్లన్నీ అందులోకి ఎక్కించాను. పాతదాన్ని తుడిచేయమన్నాను. ఒప్పుకోలేదు. మళ్లీ... మళ్లీ... నాలుగోసారి తుడిచేసింది. అంతవరకూ పట్టుకున్నదేదో చేయి వదిలినట్టు. ఎందుకు వదిలిందో నాకు ఇప్పటికీ తెలియదు.

పది నిమిషాలకు ఓబన్న బావే ఫోన్ చేశాడు. "ఆటో వద్దులేమ్మే. సల్ల తాగినా, ఇప్పుడు బాగుండాది." అక్క ఫోన్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

ఐదున్నరకు గది మూసి వెనకవైపుగా బయలుదేరాం. సమాధుల తోటలో ఒకాయన గుంత తవ్వుతున్నాడు. ఆ మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఈ పని చేసే ఈరేశు అని అక్క చెప్పింది.

"ఎవరూ పోలేదు కదా ఈరేశూ. ఎవరికి?" అంది.

అతను మా వైపు చూడకుండానే, "పొద్దున్నే ఫోన్ వచ్చెనక్కా. ఎవరికో చెప్పలేదు," అన్నాడు.

"చేసిందెవరప్పా?" అన్నాను నేను.

నా గొంతు వినగానే పార ఆపి తలెత్తాడు.

"నువ్వే కదన్నా."

గుంతలోకి చూశాను. మూడడుగుల పొడవు కూడా లేదు.

"ఇంత చాల్లే అంటివి," అన్నాడు ఈరేశు.