రాత్రిళ్ళు లెక్కపెట్టే ఇల్లు

ఆ మూలమలుపు ఇంటికి ఏడేళ్ళుగా చెడ్డపేరు.

రాత్రయితే చాలు, ఆ పెరట్లో ఎవరో లెక్కపెడతారట… ఒకటి, రెండు, మూడు… అలా వంద దాటేదాకా పోయి, ఆగి, మళ్ళీ మొదలు. ఒక్కోసారి మగగొంతు, ఒక్కోసారి ఆడగొంతు. ఒకసారైతే రెండు గొంతులు మొగుడూ పెళ్ళాల్లా తగువు కూడా పడ్డాయట.

"పోయినవాళ్ళకి హాజరు వేస్తున్నారమ్మా," అనేది ఎదురింటి పెద్దావిడ. తలుపు గడియ మీంచి చెయ్యి తియ్యకుండానే.

పగలు మాత్రం ఆ ఇంటిముందు కార్లు బారులు తీరేవి. ఊరి నడిబొడ్డున అంత స్థలం, మధ్యలో పాతకాలపు మేడ. వచ్చినవాళ్ళు టేకు తలుపు నిమిరేవాళ్ళు, రంగుటద్దాల కిటికీల ముందు ఫొటోలు దిగేవాళ్ళు, "అబ్బ, ఈ కళ ఇప్పుడెక్కడిదండీ!" అని గుండెలు బాదుకునేవాళ్ళు. అంతే. మళ్ళీ మొహం చూపించేవాళ్ళు కాదు.

చివరికి ఆ ఇల్లు కొన్నది టైలరమ్మ, ఆవిడ మొగుడూను.

టైలరమ్మ ఇరవై ఏళ్ళు అగ్గిపెట్టెలాంటి గదిలో, పట్టపగలే లైటు వేసుకుని బట్టలు కుట్టింది. ఆ ముందు హాల్లో నిలువెత్తు కిటికీలోంచి పడే వెలుతురు చూసి అక్కడే చతికిలపడిపోయింది. "ఇక్కడే నా మిషను," అంది.

"నీ మీద ఒట్టు, ఇందులో ఒక్క ఇటుక కదిలించను," అన్నాడు మొగుడు.

పక్కనే ఉన్న బ్రోకరు కూడా కళ్ళు ఒత్తుకున్నాడు. ఇల్లు అమ్మిపెట్టేవాడు ఏడ్చాడంటే అనుమానించాలి. కానీ ఆ వెలుతురులో ఆవిడకి ఇవేవీ కనపడలేదు.

రిజిస్ట్రేషన్ అయిన రోజు సామాను ఇంకా రాలేదు. కరెంటు కూడా లేదు. మేడమీద గదిలో పరుపు పరుచుకుని పడుకున్నారు.

ఏ ఝామో తెలీదు… మెలకువ వచ్చింది.

"…ఎనభై నాలుగు… ఎనభై అయిదు…"

మొగుణ్ణి లేపుదామని చెయ్యి చాపింది. పక్కన దుప్పటి ఉంది. మనిషి లేడు.

"ఏవండీ…"

ఆ లెక్కలో ఆయన్నీ కలిపేసుకున్నారా ఏమిటి… గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ కిటికీ దాకా వెళ్ళింది. కింద చీకటి. ఆ చీకట్లో ఏదో కదులుతోంది… నెమ్మదిగా, ఒక్కో అడుగూ.

"నూట పదిహేడు… నూట పద్దెనిమిది."

ఆగింది.

"నూట పద్దెనిమిది," మళ్ళీ అంది ఆ గొంతు.

టైలరమ్మ చెవులు రిక్కించింది. ఒకే అంకె రెండుసార్లు చెప్పడం ఆవిడకి కొత్తకాదు. "భుజం పద్నాలుగున్నర… పద్నాలుగున్నర" — రోజూ తను చెప్పేదే. కొలిచేవాళ్ళు రెండోసారి చెప్పేది రాసుకునేవాళ్ళ కోసం.

మరి దెయ్యానికి రాసుకునేవాడెందుకు?

"ఆఁ, రాశాను సార్," కిందినుంచి బ్రోకరు గుసగుస. "అయిదంతస్తులు కళ్ళు మూసుకుని లేస్తాయి. మీకు ముందొచ్చిన పార్టీలన్నీ ఇలాగే రాత్రిపూట కొలిచాయి. ఒకళ్ళు కొలుస్తుంటే ఇంకొకళ్ళు చూసి, దెయ్యమని దడుచుకుని పారిపోయారు. మీకు కలిసొచ్చింది."

"నెమ్మదిగా మాట్లాడవయ్యా… పైన అది పడుకుంది."

"మేడమ్ ఒప్పుకుంటారా?"

"కింద ఒక షాపు ఇస్తే సరి. ఆ రంగుటద్దాలు పీకి దాని షాపుకే బిగిస్తే ఏడుపు మానేస్తుంది."

టైలరమ్మకి భయం ఎగిరిపోయి, ఆ చోట నిప్పు రాజుకుంది. నా మీదే ఒట్టేశాడే! కడిగిపారేద్దామని నోరు తెరిచింది… ఆగింది. పోట్లాడితే తెల్లారేదాకా బతిమాలి, పొద్దున్నకల్లా ఒప్పించేస్తాడు. ఇరవై ఏళ్ళ అనుభవం.

దోసిలి నోటికి అడ్డం పెట్టి, సన్నగా, సాగదీసి అంది.

"తప్పూ… మళ్ళీ కొలువూ…"

బ్రోకరు గోడ దూకాడు. చెప్పు ఒకటి ఇవతలే ఉండిపోయింది. కాసేపటికి మెట్లు దడదడలాడాయి. మొగుడొచ్చి దుప్పట్లో దూరాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"ఎక్కడికెళ్ళారు?" నిద్రగొంతు పెట్టి అడిగింది.

"మం… మంచినీళ్ళకి."

"దొరికాయా?"

దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

పొద్దున్న సామాను దిగింది. కిటికీ పక్కనే మిషను, బల్ల వేయించుకుని, ఎవరిదో చొక్కా గుడ్డ పరిచి కత్తిరించడం మొదలెట్టింది. మొగుడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఈ ఇంటిని ముట్టుకోవద్దే. ఇటుక కాదు, సున్నం కూడా గీకొద్దు."

"ముందే ఒట్టేశారుగా," అంది నవ్వాపుకుంటూ.

"నవ్వకు. రాత్రి పెరట్లో… విన్నాను. పైనుంచి 'తప్పు, మళ్ళీ కొలువు' అంది."

"ఆహా. తరవాత?"

"బ్రోకరు పరిగెత్తాడు. నేను అలాగే నిలబడిపోయాను. అప్పుడు నా చెవి పక్కన… ఊపిరి తగిలేంత దగ్గర… ఎవరో ముసలాయన, కోపమేం లేదు, బడిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. 'నూట పందొమ్మిది బాబూ' అని."

కత్తెర ఆగింది.

టైలరమ్మ లేచి, పెట్టెలోంచి దస్తావేజు తీసి, పెరటి పొడుగు ఎంతుందో చూసింది. నూట పందొమ్మిది అడుగులే. మడిచి మళ్ళీ పెట్టేసింది. వచ్చి కత్తెర పట్టుకుంది.

ఆ చొక్కాకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వచ్చాయట.