వకుళ తెచ్చిన పాదుకలు

"వడ్రంగి ఇంట పీట ఊగుతోందంటే విన్నవాళ్లు నవ్విపోతారు" అంది నాంచారమ్మ, ఒలికిన మజ్జిగ తుడుస్తూ.

"పీట బాగానే ఉంది. నేలే ఎగుడుదిగుడు" అన్నాడు రుద్రాచారి.

"అవునవును. నిన్నటిదాకా చక్కగా ఉన్న నేల, రాత్రికి రాత్రే లేచి కూర్చుంది."

మామూలుగా అయితే ఆ మాటకు రుద్రాచారి నవ్వేవాడే. ఆ పూట పీటను తిరగేసి, కాళ్లు తడిమి చూసి, "కొలత మరిచిపోయానే" అన్నాడు మెల్లగా. పదిహేడేళ్ల కూతురు వకుళకు అన్నం సహించలేదు.

మందరపురి రాజ్యంలో ఆ మరుపు అప్పటికే ఇల్లిల్లూ తిరుగుతోంది. వైద్యుడికి వేరు పేరు తోచదు. సాలెవాడికి పడుగేదో పేకేదో తెలియదు. ఈ రాజ్యానికి విద్యలన్నీ నేర్పినవాడు సుమేధముని. ఆయన అడవికి పోతూ అరిగిన తన చెక్కపాదుకలు వదిలి వెళ్లాడు. ఏటా ఆషాఢ పౌర్ణమినాడు వాటికే గురుపూజ. ఈ ఏడు రాజుగారికి ఆ అరిగిన చెక్క నామోషీ అనిపించింది. రుద్రాచారి చేత కొత్తవి చేయించి, వెండి తొడిగించి పీఠమెక్కించాడు. పాతవి పూజలందుకున్నవి గనక, పసుపు కుంకుమలతో ఏట్లో విడిచి రమ్మన్నాడు. రుద్రాచారి విడిచి వచ్చాడు. గురువు పాదం ఎరగని పాదుకలకు హారతి పట్టిన మర్నాటినుంచే మరుపు మొదలైంది.

వకుళ ఒక్కతే ఏదీ మరవలేదు. చిన్నప్పుడు తనకు చదువు చెప్పిన ఆ గురువు పాదాలు రోజూ పొద్దున్నే పెరట్లో బియ్యప్పిండితో వేసి, పువ్వుంచి మొక్కడం ఆమె మానలేదు.

"ఆ పాత పాదుకలు నేను తెస్తాను నాన్నా" అని ఏటి వెంబడి బయలుదేరింది. అడవిలో గురువుగారు ఒక్కసారైనా కనబడతారని లోలోపల ఆశ.

మూడో రోజు ఏరు సుడులు తిరిగేచోట, పడవంత తాబేలు తల ఎత్తింది.

"దాటిస్తాను. కానీ గురువు వస్తువు కావాలంటే గురువిచ్చిందే ఇవ్వాలి. ఇచ్చింది తిరిగి రాదు సుమా."

వకుళ దాని వీపుమీద కూర్చుని, ముని నేర్పిన పాటలన్నీ ఒక్కొక్కటే పాడింది. అవతలి గట్టు చేరేసరికి ఒక్క చరణమూ మిగల్లేదు.

కొండసందులో రాక్షసి కాళ్లు చాపుకుని కూర్చుంది. "ఏమే పిల్లా, అన్నీ ఎముకలే. కూరకైనా రావు."

"కూరకు రానప్పుడు దారి వదులు అత్తా."

రాక్షసి పకపకా నవ్వింది. "అత్తా అన్నావు గనక తినను. నీ అక్షరాలు ఇచ్చి పో. వెయ్యేళ్లుగా ఈ బండమీద ఏం రాసుందో తెలియక కుమిలిపోతున్నాను."

వకుళ ఇచ్చేసింది. రాక్షసి బండమీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. నవ్వు ఆగిపోయింది.

"ఏముంది అత్తా?"

"మా అమ్మ పేరు" అని అది పక్కకు జరిగింది.

ఏటి చివర ఇసుకతిన్నెమీద పాదుకలు కనబడ్డాయి. పక్కనే కొత్త మట్టిదిబ్బ. దాన్ని చుట్టుకుని తెల్లని పాము.

"ముని పోయిన అమావాస్యనాడు దేహం విడిచాడు. నీ దగ్గర ఇంకేముంది?" అంది పాము.

వకుళ ఆ దిబ్బకు మొక్కింది. "ఆయన జ్ఞాపకం ఉంది. అది ఇవ్వనంటే?"

"తిరిగి వెళ్లు. నేనేమీ అనను."

వకుళ కళ్లు మూసుకుంది. పాఠానికి ముందు ఆయన దగ్గే దగ్గు, ఇసుకలో తన వేలు పట్టి రాయించిన ఆయన వంకర వేలు, తప్పు రాస్తే "పోనీలే, ఇసుకే కదా" అనే మాట, అన్నీ ఒకసారి చూసుకుని ఇచ్చేసింది.

కళ్లు తెరిస్తే ఎదురుగా ఏదో మట్టిదిబ్బ. చెంపలు తడిగా ఉన్నాయి. ఎవరికోసమో తెలియలేదు. చేతిలో ఉన్న పాదుకలు ఇంటికి చేర్చాలని మాత్రం తెలుసు.

మందరపురిలో రాజు వెండి పాదుకలు దింపించి, పాతవాటిని తన చేతులతో కడిగి, గంధం పూసి, తులసి ఉంచాడు. తీర్థం నోట పడ్డవాళ్లకల్లా పోయిన విద్య తిరిగొచ్చింది. జనమంతా ఏడుస్తూ నవ్వుతూ మొక్కుతుంటే, వకుళ తల్లి చెంగు పట్టుకుని, "అవి ఎవరివమ్మా?" అంది.

"నీ గురువుగారివి తల్లీ" అని నాంచారమ్మ మొహం తిప్పుకుంది.

ఆ పగలు ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు. గురుపీఠం వకుళకే ఇస్తామని అప్పటికే రాజుగారి కబురు వచ్చింది.

"ఏం చెప్పమంటావు?" అన్నాడు రుద్రాచారి.

"వద్దని చెప్పు నాన్నా. నాకే ఏమీ రాదు, ఒకరికేం చెబుతాను?" వకుళ ముద్ద కలుపుతూ అంది. "రేపటినుంచి నువ్వు నాకు ఓనమాలు దిద్దించు."

"నేనా? ఆయన పట్ల తప్పు చేసినవాణ్ణి."

"నీకు నేర్పింది ఆయనేనట. అమ్మ చెప్పింది. ఆయన చదువు నాకు ఇంకెక్కడ దొరుకుతుంది? పొద్దున్నే నీ కాళ్లు కడిగి, ఇసుక పరుచుకుని కూర్చుంటాను."