తొమ్మిదో పృచ్ఛకుడు

రెండువేల తొంభైనాలుగు నాటికి విజయనగరంలో పిల్లలకు చెవులు కుట్టించే రోజునే శమని అనే యంత్రాన్ని కూడా పెట్టించేస్తున్నారు. ఆవగింజంత ఉంటుంది. చెవి వెనక ఎముకలో ఒదిగిపోతుంది. చెవి కుట్టేటప్పుడు వీధి అదిరేలా ఏడ్చే పిల్లలకు దీన్ని పెట్టిన సంగతే తెలియదు.

మెదడులో ఒక కణం పక్క కణాన్ని తట్టి లేపడానికి గ్లుటమేట్ అనే ఉత్తేజక రసాయనాన్ని వాడుతుంది. అది లేనిదే కొత్త జ్ఞాపకం నిలవదు. మోతాదు మించితే మాత్రం కణాలు ఆగకుండా రెచ్చిపోయి చచ్చిపోతాయి. మూర్ఛలోనూ పక్షవాతంలోనూ మెదడుకు జరిగే నష్టంలో దానికీ వాటా ఉంది. పట్టలేని ఆనందంలోనూ అది పొంగుతుంది. శమని ఆ పొంగును పసిగట్టి "పీల్చుకోనా?" అని చెవిలో అడుగుతుంది. సరే అంటే పీల్చేస్తుంది. దాంతోపాటు ఆ కాసేపటి జ్ఞాపకమూ పోతుంది.

దీన్ని కనిపెట్టింది మన డాక్టర్ అరుంధతి. మన అని గొంతెత్తే చెబుతాను. లోకమంతా చెవి వెనక పెట్టుకు తిరుగుతున్నది మన ఊళ్ళో పుట్టింది మరి! ఆవిడకు మాత్రం జనం మీద కోపం. పెళ్ళిపీటల మీద, కబడ్డీ ఆటలో, మనవణ్ణి మొదటిసారి ఎత్తుకున్నప్పుడు "వద్దు" అనేస్తున్నారు. అలా వద్దని ఆస్పత్రిపాలైనవాళ్ళూ ఉన్నారు.

"వీళ్ళకి ప్రాణం కన్నా సంబరం ఎక్కువైపోయింది" అని విసుక్కుని, అడక్కుండానే పీల్చేసే కొత్త శమనిని తయారుచేసింది.

ఆ సాయంత్రం ఆమె చిన్ననాటి స్నేహితురాలు వకుళ అష్టావధానం. వకుళకు చిన్నప్పటి నుంచీ మూర్ఛలు. ఆమె శమనిని నడిపే మీట ఒకటి డాక్టరు చేతిలోనూ ఉంది.

"ఈసారికి మానెయ్యవే. ఇంకో పెద్ద మూర్ఛ వస్తే మాట పడిపోద్ది" అంది అరుంధతి.

"పడిపోద్దని ఇప్పుడే నోరు కట్టేసుకోమంటావా? మధ్యలో పీల్చిందంటే పద్యాలన్నీ పోతాయి. ఆ మీట మాత్రం నొక్కకు, నీకు దణ్ణం పెడతాను."

ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిదిమంది చుట్టుముట్టారు. మూడో ఆవృత్తిలో అరుంధతి చేతిలోని మీట పక్క తెర ఎర్రబడింది, వకుళ మెదడులో పొంగు మొదలైందని. వేదిక మీద వకుళ ఒక్క క్షణం తల వంచి, "ఆగవయ్యా! ఎనిమిదిమంది ముందే ఉన్నారు, వరసలో నుంచో" అంది.

అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన్నే అన్నదనుకుని సభ ఘొల్లుమంది. నోరు మెదపని ఆ పెద్దమనిషి తెల్లమొహం వేశాడు. తన యంత్రం తొమ్మిదో పృచ్ఛకుడైపోయిందని అరుంధతికి ఒక్కదానికే అర్థమైంది.

ధారణ మొదలైంది. చెప్పినవన్నీ పద్యం వెనక పద్యం అప్పజెబుతోంది, అక్షరం పొల్లుపోకుండా. మూర్ఛ ముంచుకొస్తూ వకుళ ఎడమచేతి వేళ్ళు అదురుతున్నాయి. అరుంధతి బొటనవేలు మీట మీదే ఉంది. నొక్కితే మనిషి దక్కుతుంది, పద్యాలు పోతాయి. తరగతిలో పడిపోయిన ప్రతిసారీ నలుగురూ నవ్విన పిల్ల, ఇవాళ సభను గుప్పిట్లో పెట్టుకుంది. అరుంధతికి గర్వం పొంగుకొచ్చింది. నొక్కలేకపోయింది.

ధారణ పూర్తిచేసి, ఎవరూ అడక్కుండానే వకుళ ఆశువుగా ఇంకో పద్యం చెప్పింది. చెప్పి, "ఇక కానియ్" అంది. తెర మీద ఎరుపు దిగిపోయింది. సభంతా లేచి నిలబడింది.

తర్వాత వకుళ పరుగున వచ్చి చేతులు పట్టుకుంది.

"ఎలా ఉందే చివరి పద్యం? నీ మీదే చెప్పాలని పొద్దుట్నుంచీ ఉంది!"

అరుంధతి గుర్తుచేసుకోబోయింది. ఏమీ గుర్తులేదు. కొత్త శమనిని వారం కిందట ముందుగా తనకే పెట్టుకుని చూసుకుంటోంది. ఆమె గర్వం హద్దు దాటగానే అది అడక్కుండా పీల్చేసింది.

"మళ్ళీ చెప్పవే."

"నాకు మాత్రం ఎక్కడిదే? నీ దగ్గరుంటుంది కదాని, చివర్లో పీల్చుకోమందామని ముందే అనుకున్నాను."

 అప్పుడే పక్కనుంచి ఒక ముసలాయన ఏదో పద్యం రాగం తీస్తూ పోతున్నాడు. అందులో అరుంధతి పేరు వినపడింది. కవయిత్రీ డాక్టరూ ఆయన వెంటపడ్డారు.

"బాబూ, అదెలా గుర్తుంది మీకు?"

"ఎలా మర్చిపోతానమ్మా? నా చెవిలోనూ అడిగింది, పీల్చుకోనా అని. నోర్ముయ్యమన్నాను."