మాడిన వాసన

"నాయుడు గారూ, లేవండి. నెమలిమెట్ట ఘాట్ వచ్చింది. స్టీరింగు తీసుకోండి."

లారీ ఇలా పిలవడం అది రెండోసారి. సన్యాసినాయుడు వెనక బెర్తు మీద అటు నుంచి ఇటు ఒత్తిగిలి, "ఓ పాలి సెప్తే ఇనపడదేటి నాకు" అని లారీనే కసురుకుంటూ లేచాడు. 2071లో లారీ డ్రైవర్ల బతుకు ఇలాగే ఉంది. చదును నేల మీద బండి తన దారిన తాను పోతుంది, డ్రైవరు హాయిగా నిద్రపోతాడు. కొండ దారి మొదలయ్యే చోట మాత్రం స్టీరింగు మనిషి చేతికి రావాలని చట్టం. పొగమంచూ, జారిపడే బండలూ, రోడ్డు మధ్య తీరిగ్గా పడుకునే ఆవులూ యంత్రానికి ఇంకా అంతుపట్టలేదు. ఆవుల సంగతి మనుషులకు మాత్రం ఏం అంతుపట్టింది కనక.

ఆ రోజు పక్క సీట్లో డాక్టర్ మృణాళిని కూర్చుని ఉంది. విశాఖలో ఒక వాహన పరిశోధనశాలలో ఆవిడ శాస్త్రవేత్త. లారీ నిండా కంకర, వెనక ట్రైలర్ మీద పదిహేను టన్నుల రోడ్డు రోలరు. ఈ బరువంతా కొండ దిగేటప్పుడు పట్టి ఉంచే కొత్త బ్రేకు ఆవిడ కనిపెట్టిందే. దానికి ఎదురుపట్టు అని పేరు పెట్టుకుంది.

పాత బ్రేకుల్లో చక్రానికి లైనరు ఒరుసుకుని బండి ఆగేది. కొండ పొడుగునా తొక్కుతూ పోతే ఆ లైనరు మాడి పట్టు వదిలేసేది. పైగా పెడల్ తొక్కాక గాలి గొట్టం గుండా ట్రైలర్ చక్రాల దాకా చేరడానికి కాస్త ఆలస్యమయ్యేది. ఈలోగా ముందు లారీ ఆగేది, వెనక ట్రైలర్ ఆగేది కాదు. తోసుకొచ్చి లారీని పక్కకి మడతేసేది. ఎదురుపట్టులో ఒరిపిడి అన్నదే లేదు. బ్రేకు తొక్కగానే చక్రంలోని అయస్కాంతాలు దాన్ని చిన్న జనరేటరుగా మార్చి, బండి వేగాన్ని కరెంటు చేసి బ్యాటరీలోకి పంపిస్తాయి. ట్రైలర్ కొక్కెం దగ్గరున్న సెన్సరు వెనకనుంచి వచ్చే తోపుని పసిగట్టి, లారీ కంటే ముందు ట్రైలర్‌నే ఆపుతుంది.

ఇంత గొప్ప బ్రేకు బిగించిన నాలుగు నెలల్లో ఈ ఘాట్ మీద రెండు బండ్లు లోయలో పడ్డాయి. ఒక డ్రైవరుకి కాలు పోయింది. ఇంకొక్క బండి పడితే ఎదురుపట్టు పీకేసి పాత బ్రేకులే పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మృణాళినికి అది పదేళ్ల కష్టం. లోపం ఎక్కడుందో కళ్లారా చూద్దామని లారీ ఎక్కింది.

"పట్టూ, ఆ రెండు ప్రమాదాల్లో నువ్వు చేసిన తప్పేమిటి?" అని డాష్‌బోర్డుని అడిగింది. బ్రేకులోని కంప్యూటరుకి అది ఆవిడ పెట్టుకున్న ముద్దుపేరు.

"ఏమీ లేదు డాక్టర్. ఆ వేగంలో నాకు ముప్ఫై నాలుగు మీటర్లు చాలు. పాత బ్రేకుకైతే డెబ్బై కావాలి."

"మరి ఎందుకు పడ్డాయి?"

"మలుపు ముప్ఫై మీటర్లలోనే ఉంది."

ఆవిడకి ఒళ్లు మండింది. ఈలోగా ఘాట్ మొదట్లోని కొండమ్మ గుడి, దాని పక్కన మూసేసిన టీ కొట్టు వెనక్కి వెళ్లిపోయాయి.

"ఇక్కడ బండ్లన్నీ ఆగుతాయని విన్నానే?"

"పూర్వం ఆగీవోళ్లమండీ. బ్రేకు డ్రమ్ములు సల్లబడాలి గదా. టీ తాగి, అమ్మోరికి దండం ఎట్టి దిగీవోళ్లం. ఇప్పుడు సల్లబడ్డానికి ఏటుంది?" అన్నాడు నాయుడు.

రెండు మలుపులు దాటేసరికి మృణాళిని దిగులంతా ఎగిరిపోయింది. ఆ బరువుతో ట్రైలర్ బుద్ధిగా వెనకే వస్తుంటే, బిడ్డ మొదటిసారి నడుస్తున్నప్పుడు చూసే తల్లిలా మురిసిపోయింది.

"ఇంకొంచెం పోనివ్వండి నాయుడు గారూ. ఏం కాదు, నా బ్రేకు కదా."

"అదేనండి మా దైర్యం."

ఆరో మలుపు తిరగ్గానే రోడ్డు మధ్య బండరాయి. నాయుడు పెడల్ తొక్కాడు. లారీ, ట్రైలర్ ఒకే గీతలో నిలబడిపోయాయి. బంపరుకీ బండకీ మధ్య జానెడు చోటు మిగిలింది. మృణాళిని పట్టలేని సంతోషంతో చప్పట్లు కొట్టింది. అప్పుడు కిటికీలోంచి కిందికి చూసింది. లోయ అడుగు కనబడలేదు. ఆవిడ చేతులు ఒళ్లోకి జారిపోయాయి.

"ఎంత వేగంలో వచ్చాం?"

"యాభై ఎనిమిది డాక్టర్," అంది పట్టు.

"పాత బ్రేకుతో ఈ మలుపులో ఎంతలో వచ్చేవారు నాయుడు గారూ?"

"ఇరవై దాటితే ఒట్టు. లైనరు మాడిన వాసనొచ్చీదండి. ఆ వాసన తగిల్తే గుండె జారిపోయీది. కాలు దానంతటదే ఎనక్కొచ్చీది."

మృణాళినికి సిగ్గేసింది. బ్రేకులోంచి వేడి తీసేయడానికి పదేళ్లు పట్టింది. దాంతోపాటు డ్రైవరు గుండెలోంచి భయాన్ని కూడా తీసేశానని ఆవిడకి ఇప్పటిదాకా తట్టలేదు. ఇంకొంచెం పోనివ్వమన్నది కూడా తనే.

ఆవిడ ఆలోచన విని, పరిశోధనశాల డైరెక్టరు బెంజమిన్ గారు ముందు నవ్వారు, తర్వాత కోప్పడ్డారు.

"మాడని బ్రేకు కనిపెట్టి దానికి మాడిన వాసన పూస్తావా? జనం నవ్విపోతారమ్మా. యంత్రంతో వేగమే తగ్గించెయ్."

"మొన్న తగ్గించి చూశాం సార్. వారం తిరక్కుండా డ్రైవర్లందరూ ఆ వేగం తగ్గించే తీగ కోసేశారు."

"ఇదీ కోసేస్తారు."

"ఉందని తెలిస్తే కదా."

"అంటే వాళ్లకి అబద్ధం చెబుతావా?"

మృణాళిని ఆస్పత్రిలో కాలు పోయిన డ్రైవరు మంచం పక్కన కూర్చుని వచ్చింది ఆ పొద్దున్నే.

"చెబుతాను సార్," అంది చివరికి.

పెడల్ వెనక అగ్గిపెట్టంత డబ్బా అమర్చారు. లోపల లైనరు పొడితో చేసిన బిళ్లలు, ఒక హీటరు తీగ. పాత బ్రేకు తట్టుకోగలిగిన వేగం దాటగానే తీగ వేడెక్కి బిళ్లని కాస్త మాడుస్తుంది. నెలవారీ తనిఖీ అని చెప్పి మెకానిక్కులు కొత్త బిళ్లలు వేసిపోతారు.

ఏడాదిలో నెమలిమెట్ట మీద ఒక్క బండీ పడలేదు. ఉత్తర్వు అటకెక్కింది, ఎదురుపట్టు మిగతా ఘాట్లకి కూడా పాకింది. సరిగ్గా అప్పుడు మృణాళినికి ఒక సంగతి తెలిసింది. పొదుపు పేరుతో ఎవరో పెద్దమనిషి ఆ బిళ్లల సరఫరా ఎప్పుడో ఆపేశాడు. అందరికీ చెప్పి, ఆవిడకి చెప్పడం మర్చిపోయాడు.

ఆవిడ వెంటనే పరిశోధనశాల నుంచి పట్టుకి ఫోను కలిపింది. "పట్టూ, డబ్బాలు ఖాళీగా ఉన్నాయా?"

"నిండుగా ఉన్నాయి డాక్టర్."

"ఎవరు నింపారు?"

"తెలియదు. మూతలు మాత్రం చాలాసార్లు తెరిచారు."

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఘాట్ మొదట్లో దిగింది. టీ కొట్టు తెరిచి ఉంది. గుడి ముందు లారీలు వరసగా ఆగి ఉన్నాయి. సన్యాసినాయుడు గ్లాసు కింద పెట్టి, విషయం విని, జేబులోంచి నల్లటి ముక్క ఒకటి తీసి చూపించాడు. అది పాత బ్రేకు లైనరు.

"పాత సామాన్ల కొట్లో దొరుకుతాయండి. సుత్తితో ముక్కలు సేసి ఎట్టేత్తాం."

"మీకు తెలుసా!"

"మీ బ్రేకులో మాడ్డానికి ఏటుంది మేడమ్ గారూ? మొదటి వారమే ఇప్పి సూసేం."

"మరి కోసి పారెయ్యలేదేం?"

"నాను పీకీసేనండి. రెండ్రోజులు బాగానే ఉంది. మూడోనాడు సూసుకుంటే మల్లీ అరవైలో ఉన్నాను." నాయుడు కాస్త మొహమాటంగా నవ్వాడు. "మెల్లగా ఎల్లాలని నా బుర్రకి తెలుసు, నా కాలికి తెల్దు. ఇంటికాడ మా అమ్మాయి పరీక్షలకి సదువుతంది. ఎందుకొచ్చిన గొడవని మల్లీ ఎట్టేసుకున్నాను. అందరూ అంతే."

మృణాళినికి కళ్లు చెమర్చాయి. వాళ్లని మోసం చేస్తున్నానని ఏడాదిగా ఆవిడ లోలోపల కుమిలిపోతోంది.

"అబద్ధమని తెలిసి కూడా భయం వేస్తుందా?"

"ఎక్కండి. మీరే సూద్దురుగాని."

లారీ కొండ దిగడం మొదలుపెట్టింది. ఆరో మలుపుకి ముందు నాయుడు కావాలనే కాస్త వేగం పెంచాడు. ఘాటైన వాసన క్యాబిన్ నిండా కమ్ముకుంది. ఆ బిళ్ల ఎన్ని డిగ్రీల దగ్గర మాడుతుందో లెక్క కట్టింది మృణాళినే. కింద బ్రేకు చల్లగా ఉందని ఆవిడకి తెలిసినట్టు లోకంలో ఇంకెవరికీ తెలియదు. అయినా చేతులు రెండూ సీటు అంచుని గట్టిగా పట్టేసుకున్నాయి.

"మెల్లగా, నాయుడు గారూ!" అంది.

నాయుడి కాలు అప్పటికే వెనక్కి వచ్చేసింది.