తల వంచని ముద్రలు

అన్యాయం ఎవరికి జరిగింది? ఒగినో అనే ముసలి సరంగుకు. ఎలా? ఆరేళ్ళ కిందట మంచు సముద్రంలో మునిగిపోతున్న ఏజెంట్ కుజే చిహారును అతడు పైకి లాగాడు. గడ్డకట్టిన ఆమె చేతికి తన నీలి చేతితొడుగుల్లో ఒకటి తొడిగి, వేరే పడవలోకి నెట్టి, తాను శత్రువుకు చిక్కాడు. విదేశీ జైల్లో ఆరేళ్ళు ఎంత కొట్టినా ఆమె పేరు చెప్పలేదు.

ఇప్పుడు తప్పించుకొచ్చి, తూటా గాయంతో హకొదాతె రేవులో దాక్కున్నాడు. తానున్న చోటును రేవు ఆఫీసు వెబ్‌సైట్‌లో, చిహారుకు మాత్రమే తెలిసేలా, దొరికిన వస్తువుల ప్రకటనగా రాశాడు. తీరా చూస్తే సైట్ నిండా తలాతోకా లేని గుర్తులు, ఖాళీ పెట్టెలు.

"మూడింటికి డేటా అంతా కన్వర్ట్ చేస్తున్నారు," అన్నాడు చిహారు పనిచేసే నిఘా సంస్థ డైరెక్టర్. "చేయిస్తున్నది షిజుకి రెయిక. మన ఏజెంటే అనుకున్నాం. ఒగినోను వేటాడుతున్న గూఢచారి ముఠాకు, ఆ రింగుకు అమ్ముడుపోయింది. వారంటుకు వ్యవధి లేదు, వెళ్ళు."

రెండూ యాభైకి, మెకానిక్ యూనిఫాంలో చిహారు రేవు ఆఫీసులో ఉంది. సర్వర్ తెరవగానే కుట్ర బోధపడింది. డేటాబేస్‌లో అక్షరాలు చెక్కుచెదరలేదు. వాటిని సైట్‌కు చేరవేసే కనెక్షన్ పాత ఎన్‌కోడింగ్‌లో, అంటే వేరే అక్షర సంకేతాల్లో చదివేలా రెయిక ఒక్క లైను మార్చింది. మూడింటికి ఆ చెత్తనే మళ్ళీ డేటాబేస్‌లో రాసేస్తే అసలు అక్షరాలు శాశ్వతంగా పోతాయి. ఒగినో ప్రకటన ఏదో రింగుకు తెలియదు. అందుకే అన్నిటికీ కలిపి ఒకే గొయ్యి.

"ఆపండి చీఫ్ గారూ!"

"కుదరదమ్మా," అన్నాడు సెక్షన్ చీఫ్ నగుమో. "అనుమతి కాగితంమీద మూడు ముద్రలూ పడ్డాయి. కాగితం కాగితమే."

పక్క బల్ల దగ్గర ముత్యాల లోలాకులు ఊగేలా నవ్వింది రెయిక. "స్క్రూలు బిగించుకోక నీకెందుకే ఈ గోల?"

చిహారు కాగితం అందుకుంది. మూడు ముద్రలనూ పరికించింది.

"చీఫ్ గారూ, మీ గుమాస్తాల ముద్రలు మీ ముద్రకు వంగడం మానేశాయేం?"

నగుమో కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆ ఆఫీసులో కిందివాడి ముద్ర పైవాడి ముద్రవైపు వాలి, నమస్కరిస్తున్నట్టు పడాలి. ఇవి రెండూ మేకుల్లా నిటారుగా ఉన్నాయి.

"పదహారేళ్ళలో ఇలాంటి పొగరు చూడలేదు! ఎవరు కొట్టారివి?"

రెయిక హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది. చిహారు వేడి టీ కెటిల్ ఆమె మణికట్టుకు గురిపెట్టి విసిరింది. పిస్టల్ బల్లకిందికి జారింది; చిహారు రెయిక చేతులు వెనక్కి విరిచి బేడీలు వేసింది.

తెరమీద మూడింటికి ఇక పదకొండు సెకన్లు.

"చీఫ్ గారూ, ఆపే పాస్‌వర్డ్ కొట్టండి!"

"కొడుతున్నానమ్మా, నాకు ఒక్క వేలే వచ్చు!"

నాలుగు. మూడు. రెండు. ఒకటి దగ్గర అంకె ఆగిపోయింది.

చిహారు ఆ ఒక్క లైనును సరైన ఎన్‌కోడింగ్‌కు, యూటీఎఫ్-8కు మార్చింది. చెత్త కదిలి అక్షరాలైంది. వందల ప్రకటనల మధ్య ఒకటి: "నీలి చేతితొడుగు ఒకటి దొరికింది. ఏడో ఐసు గిడ్డంగి, వెనక గది."

ఐసు పెట్టెల చాటున ముసలివాడు కళ్ళు తెరిచాడు. "ఆరేళ్ళు పట్టిందా పిల్లా రావడానికి?"

ఆమె జేబులోంచి ఆనాడు అతడిచ్చిన రెండో తొడుగు తీసి అతని చేతికి తొడిగింది. అంబులెన్స్ వచ్చేదాకా గాయాన్ని అదిమిపట్టుకునే ఉంది. అతను బతికాడు. బాకీ తీరింది.

రిపోర్టుమీద చిహారు ముద్ర డైరెక్టర్ వైపు కాక, ఒగినో పేరువైపు వంగింది. వంకరగా పడిందని డైరెక్టర్ తిప్పి పంపాడు. ఆమె మళ్ళీ అలాగే వేసింది.